నైట్ డ్యూటీకి రెండో సిస్టర్ కావాలి

ఆ వార్డులో ఒకే పేరున్న పెద్దావిడలు ఇద్దరుండేవాళ్లు, 11వ బెడ్డులో ఒకరు, 17లో ఒకరు. ఆ వయసు ఆడవాళ్లలో ఊరికి పదిమందికి ఉండే పేరే అది. 17లో ఆవిడ కాలికి షుగర్ పుండు, రోజూ పొద్దున టిఫిన్‌కి ముందు ఇన్సులిన్ ఇవ్వాలి. 11లో ఆవిడకి షుగర్ లేదు, గాల్‌బ్లాడర్ ఆపరేషన్ కోసం రాత్రి నుంచి ఏమీ తినకుండా ఉంది. టైము ఉదయం 6:45. ముందు రోజు రాత్రి 8 గంటలకి డ్యూటీ ఎక్కాను. ఫిమేల్ సర్జికల్ వార్డు, 40 మంది పేషెంట్లు, నేనొక్కదాన్ని, తోడుగా ఒక ఆయమ్మ.

ఇన్సులిన్ సిరంజిలోకి తీసుకుంటూ ఉంటే ఒకాయన వచ్చి సెలైన్ అయిపోయిందన్నాడు. వెళ్లి మార్చి వచ్చాను. ల్యాబ్ నుంచి ఫోను, రాత్రి పంపిన శాంపిల్ గడ్డకట్టింది మళ్లీ తీసి పంపమని. ఈలోగా ఆపరేషన్ థియేటర్ నుంచి వార్డుబాయ్ వచ్చి మొదటి కేసు ఫైలు ఇవ్వమన్నాడు. ఫైలు వెతికి ఇచ్చి, ట్రే పట్టుకుని, నేరుగా 11 దగ్గరికి వెళ్లాను. పేరు పిలిచాను, ఆవిడ "ఆఁ" అంది. స్పిరిట్ దూదితో చెయ్యి తుడిచాను. అప్పుడు ఆవిడ నా చేతిలో సిరంజి వంక చూసి, "ఈ సన్న సూది ఆ మూలకున్నామెకు గదా రోజూ ఏస్తవ్, నాకెందుకు బిడ్డా?" అంది.

కడుపు ఖాళీగా ఉన్న మనిషికి 16 యూనిట్ల ఇన్సులిన్ పడి ఉంటే ఏమయ్యేదో నర్సులకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్లకి చెప్తాను: షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది, చెమటలు పడతాయి, స్పృహ తప్పుతుంది, ఎవరూ చూడకపోతే ప్రాణం పోతుంది. ఆ టైములో చూడాల్సింది నేనే, నేనేమో 39 మంది దగ్గర తిరుగుతూ ఉంటాను. ఆ పెద్దావిడ రోజూ పడుకుని వార్డంతా గమనిస్తూ ఉండేది కాబట్టి ఆ పూట గండం గడిచింది. నేను ఏం చెప్పానో కూడా గుర్తులేదు, "పొరపాటైందమ్మా" అన్నాననుకుంటా. 17కి వెళ్లి ఇన్సులిన్ ఇచ్చి, పగటి సిస్టర్‌కి వార్డు అప్పజెప్పి, బస్సెక్కి, ఇంటికెళ్లాక బాత్రూంలో కూర్చుని ఏడ్చాను. ఎవరికీ చెప్పలేదు. తొమ్మిదేళ్లయింది, ఇప్పుడు రాస్తున్నాను.

నర్సుల స్ట్రెస్ గురించి ఎవరైనా మాట్లాడితే నాకు ముందు ఆ 6:45 గుర్తొస్తుంది. ఎందుకంటే ఆ పొద్దున నాకు ధైర్యం తక్కువై కాదు, మనసు నిలకడ లేక కాదు, పని రాక కాదు. అప్పటికి ఆరేళ్ల సర్వీసు నాది. ఒక మనిషి చేతిలో ముగ్గురి పని ఉంది, అంతే.

అంతకు ముందు నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేసేదాన్ని. అక్కడ మే 12కి, అంటే నర్సుల దినోత్సవానికి, కేకు కోసేవాళ్లు, దీపాలు పట్టుకుని ప్రమాణం చేయించేవాళ్లు, ఆ వారంలోనే ఒక రోజు స్ట్రెస్ మేనేజ్‌మెంట్ క్లాసు పెట్టేవాళ్లు. నైట్ డ్యూటీ దిగినవాళ్లు కూడా రావాలి, హాజరు పట్టీలో సంతకం పెట్టాలి. ట్రైనర్ మంచి మనిషే, నెమ్మదిగా మాట్లాడాడు, కళ్లు మూసుకుని ఊపిరి మీద దృష్టి పెట్టమన్నాడు. నా పక్కన కూర్చున్న అమ్మాయి నిజంగానే నిద్రపోయింది. వరుసగా ఆరో నైట్ దిగి వచ్చింది ఆ పిల్ల. నేను లేపలేదు. హాల్లో సగం మంది అదే పరిస్థితిలో ఉన్నారు.

యోగా వద్దనీ ధ్యానం వద్దనీ నేననను. ఊపిరి నెమ్మదిగా తీసుకుంటే గుండె దడ తగ్గుతుంది, నేనూ చేస్తాను. నా గొడవల్లా ఏది ముందు, ఏది తర్వాత అన్నదాని గురించే. 40 మందికి ఒకరిని పెట్టి, ఆ ఒకరు అలసిపోతే తట్టుకునే శక్తి లేదని క్లాసు పీకడం ఏం న్యాయం? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నవుట్‌ని, అంటే పని ఒత్తిడితో మనిషి పూర్తిగా అలసి అరిగిపోవడాన్ని, జబ్బుల జాబితాలో చేర్చిందని అప్పట్లో పేపర్లలో వచ్చింది, నిజానికి ఆ సంస్థ దాన్ని జబ్బు అనలేదు. పనిచేసే చోట పేరుకుపోయిన ఒత్తిడిని సరిగ్గా చూసుకోకపోవడం వల్ల వచ్చే పరిస్థితి అని, ఉద్యోగానికి సంబంధించిన విషయమని రాసింది. మందు మనిషికి కాదు, ఉద్యోగం చేసే చోటుకి వెయ్యాలని దానర్థం.

సరే, ఎంతమంది ఉండాలి? మనకి లెక్కలు లేక కాదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల్లో బోధనాసుపత్రుల జనరల్ వార్డుల్లో ముగ్గురు పేషెంట్లకి ఒక నర్సు, మామూలు ఆసుపత్రుల్లో అయిదుగురికి ఒకరు, ఐసీయూలో ఒకరికొకరు, దీనిపైన సెలవుల కోసం 30 శాతం అదనం అని ఉంది. ఇది విన్నవాళ్లు "అయిదుగురికి ఒకరైతే హాయే కదా" అంటారు. మా ఇంట్లోవాళ్లే అన్నారు. ఇక్కడే ఉంది అసలు మెలిక, కాస్త ఓపిగ్గా వినండి.

ఆ అయిదుకి ఒకటి అనేది పోస్టుల లెక్క, డ్యూటీలో నిలబడే మనుషుల లెక్క కాదు. 40 బెడ్ల వార్డు తీసుకోండి. అయిదుకి ఒకరు చొప్పున ఎనిమిది మంది, 30 శాతం అదనం కలిపితే పదిమంది అనుకుందాం. ఇప్పుడు డ్యూటీ చార్ట్ వేసే ఇన్‌చార్జ్ సిస్టర్ పక్కన కూర్చోండి. పదిమందిలో ఒకరు మెటర్నిటీ లీవు, ఒకరికి డెంగ్యూ, ఎనిమిది. రోజుకి ఒకరికి వీక్లీ ఆఫ్, ఏడు. నైట్లు చేసి దిగినవాళ్లలో ఒకరో ఇద్దరో నైట్ ఆఫ్, మిగిలింది అయిదుగురు, అదృష్టం బాగుంటే ఆరుగురు. పొద్దున పూట రౌండ్లు, ఆపరేషన్లు, డ్రెస్సింగులు, డిశ్చార్జులు అన్నీ ఉంటాయి కాబట్టి ముగ్గురు లేనిదే గడవదు. మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 8 దాకా ఒకరు. రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా ఒకరు. ఆరో మనిషి ఉంటే ఈ రెంటిలో ఎక్కడో ఒక చోట సర్దుతారు. చూశారా, ఒక్క పోస్టు కూడా ఖాళీ లేకుండా, నిబంధన అక్షరాలా పాటించినా రాత్రి పూట ఒకరికి 40 మంది. ఇక పోస్టులు ఖాళీగా ఉండే ఆసుపత్రి సంగతి మీరే ఊహించుకోండి.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 1999లో దీనికి చట్టం చేసింది, 2004 నుంచి అమల్లోకి వచ్చింది. జనరల్ వార్డులో మొదట ఆరుగురికి ఒకరు అన్నారు, 2005లో అయిదుగురికి ఒకరు చేశారు. మనదీ అయిదే, వాళ్లదీ అయిదే, కానీ వాళ్ల అయిదు ఏ షిఫ్టులో ఏ నిమిషంలో చూసినా ఉండాల్సిన అయిదు. నర్సు భోజనానికి వెళ్తే ఆ అరగంట కూడా ఆమె పేషెంట్లని చూడ్డానికి వేరే నర్సు ఉండాలి. ఆ లెక్కన నా వార్డులో ఆ రాత్రి ఎనిమిది మంది ఉండాలి. నేను ఎనిమిది మందిని అడగడం లేదు. మన బడ్జెట్లు నాకు తెలుసు. రెండో మనిషిని అడుగుతున్నాను. రెండో మనిషి వచ్చాక మూడో మనిషిని అడుగుతాను.

ఇది నర్సుల సుఖం కోసం అడిగేది అనుకునేవాళ్లకి ఒక పాత అధ్యయనం గురించి చెప్పాలి. లిండా ఐకెన్ అనే ఆవిడ, ఆవిడా నర్సే, పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రుల వివరాలు తీసి 2002లో ప్రచురించింది. ఒక నర్సు మీద ఒక్క పేషెంటు పెరిగితే, ఆపరేషన్ అయినవాళ్లు నెల లోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరిగింది. నర్సు బర్నవుట్ అయ్యే అవకాశం 23 శాతం పెరిగింది. ఈ రెండు అంకెలూ ఒకే చోట కనిపించడం నన్ను చాలా రోజులు వెంటాడింది. మా అలసటా మీ ప్రాణాలూ ఒకే తాడుకి కట్టి ఉన్నాయి. డబ్బెక్కడిదంటారా, ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రం 2016లో ఇలాంటి చట్టమే తెచ్చింది, దాని మీద 2021లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన పరిశోధన ఏం తేల్చిందంటే, నర్సుల్ని పెంచడానికి అయిన ఖర్చు కన్నా, రోగులు త్వరగా ఇంటికెళ్లడం వల్లా, మళ్లీ మళ్లీ చేరకపోవడం వల్లా తప్పిన ఖర్చు రెట్టింపు ఉందని.

మనుషుల సంఖ్య తర్వాత నన్ను ఎక్కువ బాధపెట్టేది, నర్సు చెయ్యక్కర్లేని పని నర్సు చేయడం. ఉతికొచ్చిన దుప్పట్లు లెక్కపెట్టేది సిస్టరే, కావాల్సిన మందుల పట్టీ (ఇండెంట్) రాసి స్టోర్ చుట్టూ తిరిగేది సిస్టరే, స్ట్రెచర్ కోసం ఫోన్లు చేసేది, ఫ్యాన్ తిరగకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచేది, బిల్లు క్లియరెన్సు ఎందుకు ఆలస్యమైందని అటెండెంట్ల చేత తిట్లు తినేది, అన్నీ సిస్టరే. ఒక్కొక్కటి చిన్న పనే. కానీ ప్రతి చిన్న పనీ ఏదో ఒక పెద్ద పని మధ్యలో వస్తుంది. సిడ్నీలో రెండు ఆసుపత్రుల్లో 98 మంది నర్సులు మందులు ఇస్తుంటే పరిశోధకులు పక్కన నిలబడి రాసుకున్నారు, 2010లో వచ్చింది అది. సగానికి పైగా మందులు ఇచ్చేటప్పుడు ఎవరో ఒకరు మధ్యలో పిలిచారు. అలా పిలిచిన ప్రతిసారీ మందు విషయంలో తప్పు జరిగే అవకాశం పన్నెండు శాతానికి పైగా పెరిగింది. అది చదివినప్పుడు నాకు సెలైన్ అయిపోయిందన్న ఆయన మొహం, ల్యాబ్ ఫోను, ఫైలు అడిగిన వార్డుబాయ్, ముగ్గురూ వరుసగా కళ్ల ముందు కనిపించారు. వాళ్లలో ఒక్కరి తప్పూ లేదు.

డ్యూటీ చార్ట్ గురించి రెండు మాటలు. శనివారం సాయంత్రం గోడకి అంటిస్తారు, సోమవారం నుంచి అమలు. అంటే వచ్చే వారం నేను పగలు ఇంట్లో ఉంటానా రాత్రి ఉంటానా అన్నది నాకు ఒకటిన్నర రోజు ముందు తెలుస్తుంది. పిల్లల స్కూల్లో మీటింగు, అత్తయ్యకి కంటి ఆపరేషన్, చెల్లెలి సీమంతం, ఏదీ ముందు ఒప్పుకోలేను. నెల చార్ట్ నెల ముందే వేస్తే పైసా ఖర్చు లేదు. ఇది అడిగితే "ఎమర్జెన్సీ డిపార్ట్‌మెంట్ అమ్మా, అలా కుదరదు" అంటారు. డాక్టర్లకి కుదురుతుంది, మాకెందుకు కుదరదు? రాత్రి షిఫ్టులు ఒంటికి మామూలు చెరుపు కాదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2007లోనే నైట్ షిఫ్టు పనిని బహుశా క్యాన్సర్ కలిగించే వాటి వరసలో పెట్టింది, 2019లో మళ్లీ చూసి అదే మాట నిలబెట్టుకుంది. నైట్లు లేకుండా ఆసుపత్రి నడవదు, నాకు తెలుసు. వరుసగా ఎన్ని, తర్వాత ఎన్ని రోజులు విశ్రాంతి, ఇది మాత్రం మన చేతిలో ఉన్న విషయమే. ఇంకొకటి, ఇది ఆసుపత్రి వాళ్లకి కాదు, ఇళ్లలో వాళ్లకి చెప్పాలి: నైట్ దిగొచ్చిన మనిషి పొద్దున తొమ్మిదింటికి పడుకుంటే బద్ధకం కాదు, ఆమెకి అది అర్ధరాత్రి. వంట చేసి పడుకోమనకండి.

అటెండెంట్ల కోపం కూడా చాలావరకు ఇక్కడినుంచే పుడుతుంది. వాళ్లమ్మకి నొప్పిగా ఉంది, మూడుసార్లు పిలిచాడు, సిస్టర్ రాలేదు. అతనికి కనిపించేది రాని సిస్టర్, మిగతా 39 మంది కనిపించరు. ఉమ్మడి రాష్ట్రంలో 2008లోనే ఆసుపత్రుల్లో దాడులు చేస్తే మూడేళ్ల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా అని చట్టం చేశారు, డాక్టర్లతో పాటు నర్సులకీ వర్తిస్తుంది. మంచి చట్టమే, కానీ చెయ్యి లేచిన తర్వాత పనికొచ్చే చట్టం. చెయ్యి లేవకుండా ఆపేది పిలిస్తే పలికే మనిషి.

జీతం సంగతి రాయకపోతే ప్రైవేటులో పనిచేసే చెల్లెళ్లు నన్ను క్షమించరు. సుప్రీంకోర్టు 2016 జనవరిలో చెప్పాక కేంద్రం వేసిన కమిటీ, 200 బెడ్లు దాటిన ప్రైవేటు ఆసుపత్రుల్లో ప్రభుత్వ నర్సుతో సమానంగా జీతం ఇవ్వాలని, 50 లోపు బెడ్లున్న చిన్న ఆసుపత్రిలో కూడా 20 వేలకి తగ్గకూడదని సిఫారసు చేసింది. కేరళలో నర్సులు 2017లో రోడ్డెక్కి ఆ 20 వేలు సాధించుకున్నారు. మన దగ్గర ఈ మాట తెలిసిన నర్సులే తక్కువ. నేను చేరినప్పుడు ఆ ప్రైవేటు ఆసుపత్రి నా ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టుకుంది, రెండేళ్ల లోపు మానేస్తే డబ్బు కట్టి తీసుకెళ్లమంది. మానెయ్యడానికి వీల్లేని మనిషికి ఒత్తిడి ఇంకో రకంగా ఉంటుంది, అది నిద్రలో కూడా వదలదు. ఇవాళ మన పిల్లలు జర్మన్ నేర్చుకుని జర్మనీ వెళ్లిపోతున్నారంటే జీతం ఒక్కటే కారణం అనుకోను. అక్కడికి వెళ్లినవాళ్లు ఫోన్ చేస్తే మొదట చెప్పేది పేషెంట్లు ఎంతమందో.

ఇంకా నేను ఆ ఇన్సులిన్ సంగతి ఎవరికీ ఎందుకు చెప్పలేదో రాయాలి. మెమో వస్తుందని. అప్పుడు నాది కాంట్రాక్టు ఉద్యోగం, మెమో అంటే రెన్యువల్ మీద దెబ్బ. చెప్పి ఉంటే ఏం జరిగేది? ఒకే పేరున్నవాళ్లని దూరం దూరం బెడ్లలో వేసినా సరిపోదని, కేస్ షీట్ మీద ఎర్ర ఇంకుతో రాయాలని, పేరుతో పాటు ఐపీ నంబరు, అంటే ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబరు, చేతి బ్యాండు మీద చూసి తీరాలని అందరికీ తెలిసేది. నేను నోరు మూసుకోవడం వల్ల నా తర్వాతి నైట్ సిస్టర్‌కి అదే ప్రమాదం అలాగే మిగిలింది. జరగబోయి తప్పిన పొరపాటుని చెప్పిన నర్సుకి మెమో ఇచ్చే చోట ఎవరూ ఏమీ చెప్పరు, ఒక్కొక్కరూ ఒక్కో రహస్యం కడుపులో పెట్టుకుని తిరుగుతారు. నేను తొమ్మిదేళ్లు తిరిగాను. ఇది అన్నిటికన్నా బరువైన ఒత్తిడి అని నా నమ్మకం, దీన్ని తీసెయ్యడానికి కొత్త పోస్టులు కూడా అక్కర్లేదు.

మంచి ఇన్‌చార్జ్ ఉంటే ఎంత తేడానో కూడా చూశాను. ఒకసారి పిల్లల వార్డులో నాలుగేళ్ల బాబు పోయాడు. వాణ్ని బతికించాలని రెండు గంటలు కొట్టుకున్నాం. తల్లి నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. పక్క బెడ్డు పిల్లకి యాంటీబయాటిక్ టైమైంది, నేను మందు వయల్ మూత తియ్యబోతే చేతులు వణికాయి. మా ఇన్‌చార్జ్ సిస్టర్, నోరు కొంచెం కటువు ఆవిడకి, దగ్గరికొచ్చి వయల్ నా చేతిలోంచి తీసుకుని, "నువ్వు పోయి చాయ్ తాగిరా, పావుగంట నేను చూస్కుంటా" అంది. ఓదార్చలేదు, భుజం తట్టలేదు. పావుగంట ఇచ్చింది. ఆ పావుగంట ఇవ్వాలన్నా అక్కడ ఇంకో నర్సు ఉండాలి కదా, అందుకే తిరిగి తిరిగి నేను ఆ మాట దగ్గరికే వస్తున్నాను.

2024 జనవరి 31న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో తెలంగాణ ప్రభుత్వం తరఫున 6,956 మంది నర్సింగ్ ఆఫీసర్లకి నియామక పత్రాలు ఇచ్చారు. అందులో ఇద్దరు మా వార్డుకి వచ్చారు. నైట్‌కి రెండో మనిషి దొరికింది. సగం రాత్రులైనా దొరికింది. అప్పుడు మేం మాలో మేమే ఒక ఏర్పాటు చేసుకున్నాం, ఎవరి ఆర్డరూ లేదు. ఇద్దరున్న రోజు, మందుల టైములో ఒకరు మందులు మాత్రమే చూస్తారు. ఫోను, సెలైను, ఫైలు, కేక, ఏదొచ్చినా రెండో సిస్టర్‌ది. మందులు ఇచ్చే సిస్టర్ మెడలో పచ్చ రంగు రిబ్బన్ వేసుకుంటుంది, ఆ రిబ్బన్ ఉన్న సిస్టర్‌ని పిలవొద్దని అటెండెంట్లకి అడ్మిషన్ రోజే చెప్తాం. మొదట్లో వినలేదు. డాక్టర్లు కూడా వినలేదు.

మొన్న పొద్దున రిబ్బన్ నాది. ఇన్సులిన్ తీస్తున్నాను. ఒక కుర్రాడు విసురుగా వచ్చి, "సిస్టర్, మా అమ్మకి..." అన్నాడో లేదో, వాళ్లమ్మే బెడ్డు మీంచి అరిచింది, "ఆగురా, ఆ సిస్టర్ మందు తీస్తుంది. గా సిస్టర్ని పిలువు." నేను తలెత్తలేదు. 16 యూనిట్ల గీత దాకా తీసి, గాలి బుడగ పోగొట్టి, బ్యాండు మీద నంబరు చూసుకోవడానికి నడిచాను.